దండం పెట్టే కుక్కలు

నువ్వు నోరు తెరవకుండా కూర్చుంటే వ్యాన్ తిరిగి బెంగళూరు పోతుందనుకొన్నావా నాయనా? పోదు. అశ్విన్ రోడ్డు మీద టీ అంగడి దగ్గర బండి ఆపుకొని ఉన్నాడు. పొరోటా తింటాడు, ఫోన్‌లో పాటలు వింటాడు, సాయంత్రం దాకా అయినా ఉంటాడు. డ్రైవర్లకు కాచుకొని ఉండటమే పని. నీ మాదిరే.

ముందు ఆ కుక్క తల, నీ పాలమ్మ తల, ఒళ్ళోనుంచి దించు. నేను మాట్లాడేటప్పుడు దాని చెవులు నిమరొద్దు. ఆ చెవులకు ఎట్లాగూ వినబడదు. అది చెవిటిది, నువ్వు మూగ. ఈ మామిడి తోపులో మంచి జత కుదిరింది.

ముదలాళి సరేనన్నాడు. నిన్న నేనే పెద్దింటికి పోయి అడిగినాను. రవిచంద్రన్ ముదలాళి నన్ను సోఫాలో కూర్చోమన్నాడు. విన్నావా, నీ కూతుర్ని సోఫాలో కూర్చోమన్నాడు. నువ్వు నీ ఆయుసంతా ఆ ఇంటి వెనక వాకిలి దాటలేదు. "మన కరుప్పయ్య కూతురు తేన్మొళి, పెద్ద సైంటిస్టు, మన కుక్కల మీద ఆరాయ్చి చేస్తాది" అని ఎవరికో ఫోన్ చేసి చెప్పినాడు. తోపు ఆయనది, షెడ్డు ఆయనది, కుక్కలు ఆయనవి. ఆయన తీసుకొని పొమ్మన్నాక పాలమ్మను పంపనని చెప్పడానికి నువ్వెవరు?

నేను అడగడం లేదు ఈ మాట. ఆయనే అడిగినాడు. "వాడేమంటాడు, జీతగాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, పాపం.

కోపం రాలేదు కదా? రాదు. నీకు వచ్చుంటే నేనింత చదివి ఉండను. ఒక ఇంట్లో ఒకరికైనా కోపం రావాల. నీ వాటా కూడా నేనే పడినాను.

సేత్తూరు దాకా అందరికీ నా కూతురు కుక్కల డాక్టరని చెప్పుకొన్నావంట. అఖిలాండం అత్త నిన్న తన మేకను పట్టుకొని వచ్చింది, కడుపు ఉబ్బిందని. నేను డాక్టర్ని కాదు నాయనా. నేను నిద్రను చదువుతాను. నిద్ర ఎక్కడినుంచి వచ్చింది, జంతువులకు ఎందుకు వచ్చింది, పుట్టుకలోనే దాన్ని ఎవరు రాసి పెట్టినారు, అది నా చదువు. చెప్పినాను నీకు, ఫోన్‌లో. "సరేమ్మా, వేళకు తిను" అన్నావు.

ఈగలతో మొదలుపెట్టినాను. మగ్గిన అరటిపండు మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగలు. గాజు గొట్టంలో ఒక్కో ఈగ. వాటిని నిద్రపోనివ్వకుండా కుదుపుతూ ఉండే యంత్రం ఒకటి ఉండాది. కుదిపి కుదిపి వదిలితే మరునాడు ఎక్కువ నిద్రపోతాది. పోయిన నిద్రను అడిగి తీసుకొంటాది, ఈగ. పుట్టుకతోనే నిద్ర తక్కువైన ఈగలు కొన్ని ఉంటాయి, అవి తొందరగా చచ్చిపోతాయి. తర్వాత చేపపిల్లల మీద చేసినాను. ఒళ్ళు అద్దం మాదిరి, మెదడు బయటికే కనిపిస్తాది. సముద్రంలో జెల్లీ చేపలని ఉంటాయి, వాటికి మెదడే లేదు, అవి కూడా నిద్రపోతాయి.

ఆలోచించు. నిద్రపోయే జంతువును ఎవరైనా వచ్చి తినిపోవచ్చు. ఆ కాసేపు అది తినలేదు, పిల్లల్ని చూసుకోలేదు, పారిపోలేదు. ఇంత నష్టం ఉన్నా కోట్ల ఏళ్ళలో ఏ ప్రాణీ నిద్రను వదులుకోలేకపోయింది. పరిణామానికే చేతకాని పనిని అమ్మ పనిచేసిన నూలు మిల్లులోళ్ళు మూడు షిఫ్టులు పెట్టి చేసినారు.

అమ్మ పేరు ఎత్తొద్దంటావా? ఎందుకు ఎత్తొద్దు?

అమ్మ దారం మిషన్ పక్కన నిలబడే నిద్రపోయింది. పడింది. లేవలేదు. "మయక్కం, కళ్ళు తిరిగి పడింది, తిండి సరిగా తినలేదు" అని చెప్పినారు మిల్లులోళ్ళు. ఆఫీసు గదిలో, నా ఎదురుగా చెప్పినారు. నువ్వు తల ఊపినావు. తుండుగుడ్డ చంకలో పెట్టుకొని, మెడ వంచి, ఆమా సార్, ఆమా సార్ అన్నావు. తాయమ్మాళ్ తిండి తినలేదంట. ముందురోజు మన ముగ్గురం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చొని తిన్నాం, నాయనా. నువ్వే కలిపి పెట్టినావు.

ఆ రోజే అనుకొన్నాను, నిద్ర అంటే ఏమిటో కనుక్కొని ఆ గదిలోకి మళ్ళీ పోతానని. సైన్సు ప్రజలది అని మేం హాస్టల్లో గోడల మీద రాసేవాళ్ళం. ప్రశ్న అడగనివాడు సగం చచ్చినవాడు అని రాసేవాళ్ళం. వేరేవాళ్ళు రాస్తే అది గోడ మీద మాటే. నేను రాసేటప్పుడు నీ మెడ కనిపించేది.

సరి. ఇప్పుడు నీ కుక్కల సంగతికి వస్తాను. ఇది నువ్వు వినాల.

పిల్లలు తల్లిపాలు మానే సమయానికి నువ్వు చేసే పని ఒకటి ఉండాది. అన్నం, మాంసం కలిపిన గిన్నె తెచ్చి పిల్లల ముందు పెడతావు. పక్కన గొంతుక్కూర్చుంటావు. దూకి తినేదాన్ని మెడ పట్టి పక్కకు తీస్తావు. గిన్నె చూడగానే ముందు కాళ్ళు ముడుచుకొని, గడ్డం నేలకు ఆనించి, కాసేపు అట్లే ఉండి, తర్వాత లేచి తినేదాన్ని ఉంచుకొంటావు. అన్నానికి దండం పెట్టే కుక్క. మర్యాద తెలిసిన కుక్క. మీ నాయన అట్లే ఏరినాడు, ఆయన నాయనా అట్లే ఏరినాడు. దూకేవన్నీ చోళపురం ఇరులప్పన్ చేలకు కాపలా పోతాయి. ఒంటి మీద మచ్చతో పుట్టినవి ఎక్కడికి పోతాయో నేను చెప్పను. తడి గోనెసంచి వాసన వస్తే నేనిప్పటికీ దారి మార్చుకొని పోతాను.

దండం పెట్టేదాన్ని దండం పెట్టేదానికే కట్టినారు. అన్నకు చెల్లిని, తండ్రికి బిడ్డను. రక్తం బయటికి పోకూడదని. రాజపాళయం కుక్కంటే లోకమంతా తెలుపు చూస్తాది, ముక్కు ఎరుపు చూస్తాది. పెద్దింటి కుక్కలంటే మాత్రం దండం చూస్తాది. ఎంత పేరు.

పెద్దింట్లో పెళ్ళి జరిగితే ఏముంటాది? బంధువులంతా ఈ తోపుకు వస్తారు, కుర్చీలు వేస్తారు. ముదలాళి నడుమ కూర్చుంటాడు. నువ్వు గిన్నెలు తెచ్చి వరసగా పెడతావు. తెల్లటి కుక్కలు ఒక్కొక్కటే కాళ్ళు మడుచుకొని నేలకు వాలిపోతాయి. "చూడండి, మా ఇంటి కూడుకు కుక్కలు కూడా దండం పెడతాయి" అంటాడు ముదలాళి. ఆడవాళ్ళు దవడలు నొక్కుకొంటారు. నువ్వు వెనక నిలబడి ఉంటావు, చేతులు కట్టుకొని. నేను నీళ్ళ చెంబు పట్టుకొని చూసేదాన్ని. కుక్కల మెడా నీ మెడా ఒకే వాలులో ఉండేవి. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకొన్నారా అనుకొనేదాన్ని.

అది మర్యాద కాదు నాయనా. జబ్బు.

తల ఊపొద్దు, విను. మనం కల కనేటప్పుడు ఒళ్ళు కదలదు. కలలో పరుగెత్తినా కాళ్ళు మంచం మీదే ఉంటాయి. ఒళ్ళు తనకు తాను తాళం వేసుకొంటాది. లేకపోతే కలలో కొట్టినవాడు నిజంగా కొడతాడు. మెలకువ వస్తే తాళం తీసుకొంటాది. ఈ కుక్కలకు ఆ తాళం మెలకువలోనే పడిపోతాది. మెలకువను నిలబెట్టే రసం ఒకటి మెదడులో ఊరుతాది. దాన్ని అందుకొనే చోటు వీటికి పుట్టుకతోనే పాడైపోయి ఉంటాది. తల్లి వైపునుంచీ తండ్రి వైపునుంచీ పాడైంది వచ్చి కలిస్తేనే పిల్లకు వస్తాది. అందుకే మిగతా కుక్కలకు లేదు. మీరు వెతికి వెతికి కలిపినారు.

పాలమ్మ వాలినప్పుడు కళ్ళు చూసినావా ఎప్పుడైనా? తెరిచే ఉంటాయి. దానికి అన్నీ తెలుస్తూ ఉంటాది. లేవాలని ఉంటాది. లేవలేదు. దండం పెట్టడం లేదు నాయనా, కాళ్ళు చచ్చుబడి పడిపోతోంది.

లోకంలో ప్రకృతి చేసే ఏరివేతను మీ మూడు తరాలు ఒక అన్నం గిన్నెతో చేసినారు. వేటాడే కుక్కను, ఎగబడే కుక్కను, ఆకలేస్తే ఆకలని చూపించే కుక్కను ఏరి పారేసినారు. పడిపోయేదాన్ని ఉంచినారు. వంగి బతికే ఊళ్ళో జబ్బును కూడా సుగుణం అంటారు. ఈ మాట నాది కాదు, ఎక్కడో చదివినాను. నీకోసమే రాసినట్టుండాది.

మా సుగంధి మేడమ్‌కు మొదట వీడియో చూపించినప్పుడు ఆమె కుర్చీలోనుంచి లేచి నిలబడింది. ఇట్లాంటి కుక్కల్ని ఎక్కడో వేరే దేశాల్లో డాబర్‌మన్లలో చూసి, ఈ జన్యువును పట్టుకొన్నారు. మన దేశపు జాతిలో, ఇంత గట్టిగా, ఇన్ని తరాలుగా, అదీ మనుషులు మెచ్చుకొని పెంచుకొన్నది, ఎవరూ చూడలేదు. "నీ థీసిస్ నీ ఇంటి వాకిట్లోనే పడుకొని ఉండాది తేన్మొళీ" అంది. నాకు సంతోషం వేసింది. చెప్పుకోవాలంటే నీకే చెప్పుకోవాల. చెప్తే "వేళకు తిను" అంటావు.

ఏమంటావు? ఇంకోసారి చెప్పు. ముదలాళిని చూసినా వాలుతాది కదా అంటావా? పెద్ద మనిషని తెలుసుకొనే కదా వాలేది అంటావా?

వస్తున్నా. దానికే వస్తున్నా.

పోయిన వానల్లో ఈ షెడ్డునుంచి రెండింటిని తీసుకొని పోయినాను కదా. పాలమ్మ తోడబుట్టిన మగది ఒకటి, పాలమ్మ కూతురు ఒకటి. బాగుండాయా అని నువ్వు అడిగినప్పుడంతా బాగుండాయి అన్నాను. అబద్ధం కాదు. చల్లటి గది, మంచి మాంసం, ఒంట్లో పురుగు లేదు. కానీ ఒక్కసారి కూడా వాలలేదు, నాయనా. గిన్నె పెట్టినాం. కోడి పెట్టినాం, కార్జం పెట్టినాం. నేనే కూర్చొని పెట్టినాను, నన్ను పుట్టినప్పటినుంచి ఎరిగిన కుక్కలే. నిలబడి తిన్నాయి. మామూలు కుక్కల మాదిరి నిలబడి తిని, మూతి నాకి, మూలకు పోయి పడుకొన్నాయి. రక్తం చూస్తే జబ్బు ఉండాది. ఒళ్ళు చూస్తే లేదు.

మేడమ్ ముఖం మారిపోయింది. మూడు నెలలు. గ్రాంటు ఇచ్చినవాళ్ళు వచ్చి చూసినారు. వాళ్ళ ముందు కూడా నిలబడి తిన్నాయి. ఒకాయన నవ్వి, "మంచి ఆకలిగల కుక్కలు" అన్నాడు.

అప్పుడు నేను పాత వీడియోలన్నీ మళ్ళీ చూసినాను. ఒకటి ఉండాది, పెద్దింటి మనవరాలు అభినయ తీసింది, దాని పుట్టినరోజుది. ముదలాళి ఆ రోజు తన చేత్తో గిన్నె పెడతానని సరదాపడినాడు, గుర్తుందా? నిన్ను లోపలికి పొమ్మన్నాడు, కూల్ డ్రింకులు తెమ్మన్నాడు. గిన్నె పెట్టినాడు. కుక్కలు నిలబడి తిన్నాయి. అందరూ చూస్తున్నారు. ముదలాళి ముఖం నల్లబడింది. "కరుప్పయ్యా, ఏం నేర్పించినావు వీటికి" అని అరిచినాడు. నువ్వు పరుగెత్తుకొని వచ్చినావు, చేతిలో ట్రేతో. వీడియోలో నీ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి, ఒక మూలన. నీ కాళ్ళు కనిపించగానే పాలమ్మ వాలిపోయింది. గిన్నె వైపు కూడా కాదు. గిన్నె వదిలేసి, నీ వైపు తిరిగి వాలింది.

ముదలాళి చప్పట్లు కొట్టినాడు. తనకే అనుకొన్నాడు. నువ్వూ ఆయనకే అనుకొన్నావు.

ఈ జబ్బు సంతోషం వేస్తేనే బయటపడుతాది, నాయనా. మనుషుల్లో కూడా అంతే, ఈ జబ్బున్నవాళ్ళు గట్టిగా నవ్వితే మోకాళ్ళు వదిలేస్తాయి. భయానికి కాదు, మర్యాదకు కాదు, అన్నానికి కూడా కాదు. గిన్నె నీ చేతిలో ఉంటాది కాబట్టి మీ తాతలు అన్నం అనుకొన్నారు. గిన్నె వెనక ముదలాళి కుర్చీ ఉంటాది కాబట్టి ముదలాళి తనకు అనుకొన్నాడు. అవి ఇన్నేళ్ళూ నిన్ను చూసి పడిపోతున్నాయి. ఆ తెల్ల కుక్కలన్నీ. ఎవరి ముందో చేతులు కట్టుకొని వెనక నిలబడినవాడిని చూసి.

అట్లా చూడొద్దు. నేను నిన్ను పొగడడం లేదు. లెక్క చెప్తున్నాను.

నిన్న ఇక్కడికి వచ్చీ రాగానే నేను పాలమ్మకు గిన్నె పెట్టినాను, నువ్వు బావి దగ్గర ఉన్నప్పుడు. ఆరు నెలలకు వచ్చినాను కదా. నా చేతులు వాసన చూసింది. తోక ఊపింది. నిలబడి తినింది. అంతే.

కాబట్టి ఇప్పుడు నేను అడిగేది పాలమ్మను కాదు. పాలమ్మను ముదలాళి నిన్ననే ఇచ్చేసినాడు, వ్యాన్ వచ్చింది కూడా దానికోసమే అనుకొంటున్నాడు ఆయన. నువ్వు రావాల. నువ్వు లేకపోతే అది జబ్బులేని కుక్క. నువ్వు గదిలోకి వస్తేనే జబ్బు. మేడమ్ అంతా ఏర్పాటు చేసింది. ల్యాబు వెనకాలే ఒక గది, వంట చేసుకోవచ్చు, కరెంటు కుక్కర్ కొన్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గదిలోకి వస్తావు, దాన్ని చూస్తావు, అది పడుతాది, మేం మిషన్‌లో చూస్తాం. అంతే పని. నీకిది పనే కాదు.

ఏమిటి, లేస్తున్నావు?

ఎక్కడికి... చొక్కానా? చొక్కా వేసుకొంటున్నావా? వస్తానంటావా?

అప్పుడే? ఇంతసేపు తిట్టినాను నిన్ను. జీతగాడన్నాను, అమ్మ చావును తల ఊపి అమ్మినావన్నంత పని చేసినాను. నీ జీవితంలో గొప్ప పని ఒక జబ్బని చెప్పినాను. ఒక్క మాట అడగకుండా చొక్కా వేసుకొంటున్నావు. దానితో ఉండొచ్చని చెప్పినాను కాబట్టి. ఆ నవ్వు ఏమిటి? నాయనా, నువ్వు నవ్వుతున్నావు. నేను పీజీలో మెడల్ తెచ్చినప్పుడు నవ్వలేదు నువ్వు. భయపడినావు, ఎంత ఖర్చయిందో అని.

చూడు, పడిపోయింది. నువ్వు చొక్కా వేసుకొని గుండీలు పెట్టుకోవడం చూసి పడిపోయింది. ఎక్కడికో తీసుకొని పోతావనుకొన్నది.

ఆగు. గుండీలు తర్వాత పెట్టుకో. కూర్చో.

నేను ముదలాళిని కాదు. ఎందుకో చెప్పకుండా మనిషిని బండెక్కించడం వాళ్ళ పని. మనిషికి అంతా చెప్పి, ఒప్పుకొన్నాకే ఏదైనా చేయాలని మేం కొట్లాడినాం, డీన్ ఆఫీసు ముందు కూర్చొని. అది నీకు కూడా వర్తిస్తాది. నీకు మరీ వర్తిస్తాది. కాబట్టి చెప్తాను. విని, అప్పుడు రా.

మొదట కొన్నాళ్ళు వాలడం చూస్తాం. తల మీద చిన్న తీగలు పెడతాం, నొప్పి ఉండదు, ఉన్నా కొంచెమే. తర్వాత దాన్ని నిద్రపోనివ్వకుండా ఉంచుతాం, అలసిపోయాక నిన్ను చూస్తే ఎక్కువ వాలుతాదా తక్కువ వాలుతాదా అని. తర్వాత పాలమ్మను, పోయిన వానల్లో నేను తీసుకొని పోయిన దాని తోడబుట్టినదానితో కడతాం. మీరు చేసినదే, కొత్తదేం కాదు. పిల్లలు పుట్టి, పాలు మానినాక, ఇక దానితో ఒక పని మిగిలి ఉంటాది.

సంతోషం వేసిన ఆ క్షణంలో మెదడులో ఏ కణాలు వెలిగినాయి, ఏవి ఆరిపోయినాయి, అది బయటినుంచి తెలియదు. పడిన వెంటనే చూడాల. పడి, లేవకముందే. సూది వేసి, తల తెరిచి.

అంటే, నువ్వు గదిలోకి వస్తావు. అది నిన్ను చూస్తాది. పడుతాది. కళ్ళు తెరిచే ఉంటాయి, నిన్నే చూస్తూ ఉంటాది. మేం అప్పుడు సూది వేస్తాం. నువ్వు కదలకూడదు, నువ్వు పోతే సంతోషం పోతాది, అంతా మళ్ళీ మొదటికి వస్తాది. నువ్వు ఊరికే అక్కడ నిలబడాల. నీకు నిలబడటం బాగా తెలుసు.

ఎందుకంటావా? అమ్మలాంటివాళ్ళ కోసం. నిద్ర ఎవరి దయ కాదని, అది ఒంటి హక్కని, ఎముకల్లో రాసి ఉండాదని రుజువుతో ఆ ఆఫీసు బల్ల మీద కొట్టడానికి. ఒక కుక్క ఎక్కువా, ఇన్ని వేల మంది ఆడవాళ్ళు ఎక్కువా? చెప్పు. ఎవరో ఒకరు చేతులు మురికి చేసుకోకుండా ఏ న్యాయమూ రాలేదు. నువ్వు మచ్చ పిల్లల్ని గోనెసంచిలో కట్టినప్పుడు అది దేనికోసం? పెళ్ళికి వచ్చినవాళ్ళు దవడలు నొక్కుకోవడానికి. నాది అట్లాంటి పని కాదు.

చెప్పినాను. అంతా చెప్పినాను. నా మనసు తేలికగా ఉండాది. ఇప్పుడు రా.

నాయనా?

గుండీలు తీస్తున్నావెందుకు? రాకపోతే రాను అని నోటితో చెప్పు. నువ్వు రాకపోయినా వ్యాన్ పాలమ్మను తీసుకొని పోతాది. నెలకోసారైనా నీకు బస్సు టికెట్ తీస్తాను, చూడాలనిపించి నువ్వే వస్తావు. నాకు తెలుసు నిన్ను. వచ్చిన రోజు పడుతాది. ఒక్క రోజు చాలు మాకు.

ఆ కొమ్మ ఎందుకు? పాముందా?

నువ్వు దగ్గరికి పోతుంటే మళ్ళీ వాలింది అది. నాయనా, పాము ఎక్కడ...

నాయనా.

దాన్ని ఎందుకు కొడతావు? అదేం చేసింది? నన్ను కొట్టాల, దాన్ని కాదు. మూతి మీద కొట్టొద్దు. నాయనా, నడుము విరుగుతాది, అది లేవలేదు, దానికి ఇంకా తెలియలేదు, నువ్వు ఆడుతున్నావనుకొంటోంది, చూడు, తోక ఊపుతోంది. నాయనా, చాలు. చాలు నాయనా.

పోయింది. తొట్టి వెనక్కి పోయింది.

ఊపిరి తీసుకో. కూర్చో. రక్తం నీదా దానిదా? నీదే, కొమ్మ ముల్లు గుచ్చుకొంది.

నాకర్థమైంది. నేను మొద్దును కాను. నిన్ను చూస్తే సంతోషం వేయకూడదు దానికి, అంతే కదా? నిన్ను చూస్తే భయం వేయాల. అప్పుడు అది పడదు. పడకపోతే మాకు పనికిరాదు, మామూలు కుక్క, తల తెరిచి లాభం లేదు. ఇంత ఆలోచన నీకు ఒక్క నిమిషంలో వచ్చింది. అమ్మ విషయంలో ఇందులో కాస్త వచ్చుంటే...

సరి. వదిలేయ్.

పిలువు దాన్ని. నేల మీద చెయ్యి తట్టు, ఎప్పుడూ తట్టేట్టు. తట్టు, చూద్దాం.

వచ్చింది. దూరంగా నిలబడింది. నిలబడే ఉండాది. నీ చేతిలోకి మాంసం ఇస్తాను, పట్టు... రావడం లేదు. కాళ్ళు వణుకుతున్నాయి, మడుచుకోవడం లేదు. పెద్దింటి కుక్క నిన్ను చూసి నిలబడటం మీ మూడు తరాల్లో ఇదే మొదటిసారి. గెలిచినావు, నాయనా.

ఏడవొద్దు. నువ్వేడిస్తే అది దగ్గరికి వస్తాది. నీకు అది కూడా తెలియదా?

ఒక్క మాట చెప్పాల. దీన్ని దాచడం కూడా తప్పే, నేను దాచను. నువ్వు కొమ్మ ఎత్తినప్పుడే నేను ఫోన్ తీసినాను. మొత్తం తీసినాను. కొట్టకముందు వాలింది, కొట్టినాక వాలలేదు. అదే కుక్క, అదే మనిషి, అదే వాకిలి, ఒక్క పూటలో. ఇట్లాంటిది మా ల్యాబులో పెట్టి చేద్దామంటే ఏ కమిటీ ఒప్పుకోదు. కొట్టడానికి అనుమతి దొరకదు. సంతోషాన్ని తీసేస్తే జబ్బు దాక్కొంటుందని రుజువు చేయడానికి నాకు ఇదే కావాల్సింది. మేడమ్ మళ్ళీ కుర్చీలోనుంచి లేస్తాది.

తోసెయ్యి, తోసెయ్యి నన్ను. ఇప్పటికైనా కోపం వచ్చింది నీకు. మంచిదే.

కానీ చెయ్యి వణికింది నాకు. ఎందుకో తెలియదు, చేపపిల్లల తలలు కోసేటప్పుడు ఎప్పుడూ వణకలేదు. అసలైన చోట బొమ్మ చెదిరిపోయింది, దాని కాళ్ళు సరిగా కనిపించడం లేదు. ఒక్కసారి చేసినదాన్ని ఎవరూ నమ్మరు కూడా, మా లోకంలో అంతే.

కొమ్మ తీసుకో. మళ్ళీ ఒకసారి కొట్టు నాయనా.